తవుడు తూకం

నాకు ముందు ఇద్దరు పోయారని
పురిట్లోనే నన్ను పొరుగింటోళ్ళకి ఇచ్చీసి
సేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది మాయమ్మ.
తవిటమ్మ అంటే సావు మొకం తిప్పుకుంటాదంట.
యాభై రెండేళ్ళొచ్చీసినాయి.
ఇంకా తిప్పుకునే ఉంది.

నెల్లిమర్ల గోనెలు రెండు, తక్కెడొకటి, రిక్షా ఒకటి.
ఇజీనారం సుట్టూ సీసా ఎక్కడ పడితే అక్కడికి నాను.

గజపతినగరం రోడ్డులో కొండకింద కాలేజీ ఉంది సూడు,
ఆటోవోళ్ళు దాన్ని సీసాల స్టాపంటారు.
బస్సు కండెక్టరూ అంతే,
"సీసాలోళ్ళు దిగండహో" అని ఈల ఏస్తాడు.
ఫ్రెషర్స్ డే తెల్లారి ఎల్తే
గోతిలో, గట్టుమీద, తాటిసెట్టు మొదట్లో,
దాపరికం నేదు.
పడుకున్న గుంటడొకడు ఒక కన్ను తెరిసి
"అత్తా, ఆ తుప్పలకాడ ఇంకో నాలుగున్నాయి" అని
సెయ్యి సూపించి
మళ్ళీ పడుకున్నాడు.

నెల్లిమర్ల దారిలో ఇంకోటుంది, తెల్లగోడల కాలేజీ.
గేటుకాడ నోరు ఊదమంటారు.
గంటస్తంభం కాడ నిలువెత్తు ఫ్లెక్సీలో
దాని ర్యాంకుల గుంటలు సేతులు కట్టుకుని నిలబడతారు.
అక్కడికి నాను పగలు ఎల్లను.
రాత్రి పదకొండు దాటాక, వంటసాల ఎనక,
వాచ్‌మెన్ సింహాద్రి గోనె దించుతాడు.
సప్పుడు రాకుండా ఒక్కో సీసాకీ
రికార్డు బుక్కు కాయితం సుట్టి ఉంటాది.
సగం దరకే నాకు.
తగ్గిన సగం నా నోటికి.

గరివిడి నుంచొచ్చిన తండ్రొకడు
టీకొట్టుకాడ అడిగినాడు, ఏ కాలేజీ మంచిదని.
కొట్టు రామినాయుడు గరిటెతో తెల్లగోడలవేపు సూపించినాడు.
నాను గోనెమీదే కూకుని టీ ఊదుకుంటన్నాను.
కదిలితే కింద గలగలమంది.
నన్నెవులూ అడగనేదు.

ఫేర్‌వెల్ నెలంతా బొగ్గుతో గోడమీద గీతలు గీసినాను.
సీసాల స్టాపు మూడొందల పన్నెండు.
తెల్లగోడలు నాలుగొందల అయిదు,
పగిలినవి కాకుండా.

మాగమాసంలో ఆ ఎనకదారినే అంబులెన్సు ఎల్లింది,
లైటు ఆర్పుకుని.
పేపర్లో ఇసజరం అని ఏసినారు.
ఆ వారం సింహాద్రి గోనె దించనేదు.
ఆపై వారం దించినాడు.
ఆడు దర అడగనేదు, నాను సెప్పనేదు.

మా హైమ సదివింది సీసాల స్టాపులోనే.
సీటు అక్కడే వొచ్చింది.
ఫీజు మాత్రం తెల్లగోడలే కట్టినాయి,
ఆ సంగతి దానికి తెల్దు.
విశాఖపట్నంలో ఉజ్జోగానికి పిలిస్తే
పక్కింటి పిల్ల సెప్పులేసుకుని ఎల్లింది.
టై కట్టుకున్నాయన కాయితం సూసి
"ఓహో, ఆ కాలేజీయా" అన్నాడంట.
పక్కాయన గ్లాసెత్తినట్టు సెయ్యెత్తినాడంట.
అందరూ నవ్వినారంట.
"మరి నువ్వో?" అన్నాను.
"నానూ నవ్వీసినాను" అంది.

నా సేతుల వాసన తప్ప
ఆ గుంటదానికి మందు వాసన తెల్దు.
సిన్నప్పుడు అన్నం కలిపి ముద్ద నోటికిస్తే
"సబ్బెట్టి కడుక్కో అమ్మా" అని
మొకం తిప్పుకునేది.

ఆ రాత్రి బల్బు కింద కూకుని
సీసాల మీది కాయితాలు ఇప్పుతన్నాము ఇద్దరం.
అది ఒక కాయితం పట్టుకుని సానాసేపు సూసింది.
ముత్యాల్లాంటి రాత, ఎర్రసిరాతో పదికి పది.
పైన పేరు సగం తడిసి సెరిగిపోనాది.
"బాగా రాసినాడే" అంది.
మడతలు అరిసేత్తో సాపు సేసి
తలగడ కిందెట్టుకుంది.

నాను సీసాలు కడుగుదామని నూతికాడికి లేసినాను.
సీకట్లో సబ్బు కనబడనేదు.